బ్రేకండీ!

జూన్ 3, సోమవారం

ఇందుమూలంగా సమస్త లోకానికీ, అంటే నాకూ, తెలియజేయునది ఏమనగా: చరిత్రలో డిగ్రీ పుచ్చుకుని, ఏ సామ్రాజ్యం ఎందుకు కూలిందో గడగడా చెప్పగలిగి, అయినా ఇంతవరకు ఏ సామ్రాజ్యమూ పిలిచి ఉద్యోగం ఇవ్వని ఈ అభాగ్యురాలు నేటి నుంచి ప్రోగ్రామింగ్ నేర్చుకుంటోంది. కారణం ఉద్యోగం. ఉద్యోగం మాత్రమే. అడిగినవాళ్లందరికీ ఇదే చెప్పాను, కాబట్టి నిజమే అయ్యుంటుంది.

చెప్పుల షాపు పైన మేడ మీద క్లాసు. జ్ఞానం కొత్త తోలు వాసన వేస్తుందని నాకిన్నాళ్లూ తెలీదు. పాఠం చెప్పే ఆవిడకి మొదటి అయిదు నిమిషాల్లోనే బ్రాకెట్ మేడం అని నామకరణం చేశాను.

"తెరిచింది మూయాలి. బ్రాకెట్ అయినా, కోట్స్ అయినా, తలుపైనా" అన్నారావిడ, నా వెనకున్న తలుపు చూస్తూ. వెళ్లి మూసొచ్చాను.

మొదటి పాఠం: కంప్యూటర్‌తో ఒక మాట అనిపించడం. అందరూ "నమస్కారం" అనిపించారు. నేను "ఏంటి సంగతులు" అనిపించబోయాను. ఎర్రగీత పడింది. మాటకి అటూ ఇటూ పెట్టే కోట్స్‌లో చివరిది మూయలేదట. మొదలుపెట్టడమే గానీ ముగించడం రాదని మా అమ్మ నా గురించి ఎప్పట్నుంచో చెప్తున్నదీ ఇదే, ఆమెకెవరూ సర్టిఫికెట్ ఇవ్వలేదంతే.

మూశాను. తెర మీద వచ్చింది: ఏంటి సంగతులు.

నోరులేని పెట్టె నేను చెప్పిన మాట అంది. చాలాసేపు దానివైపే చూస్తూ కూర్చున్నాను. ఉద్యోగం గురించి ఆలోచిస్తూ.

జూన్ 4, మంగళవారం

ఇవాళ నాన్న పలక మీద వెలువరించిన సమస్త సాహిత్యం: "సరే."

జూన్ 6, గురువారం

భావి చరిత్రకారుల సౌకర్యార్థం కొన్ని వాస్తవాలు (ఎవరూ చదవరని తెలుసు, చదివిన చదువు ఊరుకోనివ్వదు).

మా నాన్న డ్రైవింగ్ మాస్టారు. సగం ఊరికి కారు నడపడం ఆయన నేర్పాడు. మిగతా సగానికి చూసుకుని రోడ్డు దాటడం ఆ మొదటి సగం నేర్పింది. స్కూలు నాన్నదీ, బాబాయిదీ. స్కూటర్లు బాబాయి, కారు నాన్న. కారులో నాన్న కాళ్ల దగ్గర కూడా ఒక బ్రేకు ఉంటుంది, కానీ దాన్ని తొక్కడం ఆయనకి నామోషీ. "కాలితో ఆపగలంరా, కాలితో నేర్పలేం" అనేవాడు నాతో. అంతా నోటితోనే. "బ్రేకండీ! క్లచ్చండీ! అద్దం చూడండీ... మీ జుట్టు కాదండీ, వెనకున్న లారీ!"

స్టీరింగ్ పట్టుకున్నవాళ్లు ఎవరైనా సరే, నిన్న మొన్న మీసం మొలిచినవాడైనా సరే, ఆయనకి "అండీ"యే. "లోపల వణుకుతుంటారురా. పైన కాస్త మర్యాద కప్పాలి."

చలికాలంలో గొంతులో గడ్డ అన్నారు. ఆపరేషన్ చేశారు. మనిషి దక్కాడు, గొంతు దక్కలేదు. ఆసుపత్రి వాళ్లు ఒక తెల్లపలక, స్కెచ్ పెన్ను ఇచ్చి పంపారు. మొదట్లో బాగానే రాసేవాడు. వాక్యాలు చిన్నవయ్యాయి. తర్వాత మాటలయ్యాయి. ఇప్పుడు ఒక్క మాట అయింది.

ఇవాళ బాబాయి వచ్చాడు.

"అన్నయ్యా, కారు అలా నిలబడిపోతే ఇంజన్ పాడైపోతుంది. ఒకాయన కొంటానన్నాడు, నెలాఖరు ఆదివారం తీసుకెళ్తాడట. మాటిచ్చేశాను. నువ్వింక హాయిగా విశ్రాంతి తీసుకో."

నాన్న రాశాడు: "సరే."

అమ్మ చేతిలోని ఇస్త్రీపెట్టె చొక్కా మీద కాస్త ఎక్కువసేపు ఆగింది. నేను, "చక్రాలు మాత్రం ఉంచు బాబాయ్, మంచానికి తగిలించుకుంటాం" అన్నాను. ఎవరూ నవ్వలేదు. నా జోకులకి మొదట నవ్వేది నాన్నే. పెద్ద చప్పుడుతో.

ఆపరేషన్ గదిలోకి తీసుకెళ్లేముందు నాన్న చివరిగా మాట్లాడింది నాతోనే. ఏమన్నాడో ఇక్కడ రాయను.

జూన్ 10, సోమవారం

నేడు గణితశాస్త్రానికి తీరని అవమానం జరిగింది. మేడం బోర్డు మీద "x = x + 1" అని రాశారు. నేను లేచి నిలబడి, ఒక వస్తువు తనకంటే ఒకటి ఎక్కువెలా అవుతుంది మేడం, ఇది అబద్ధం కదా అన్నాను.

"అబద్ధం కాదమ్మా, ఆజ్ఞ. కంప్యూటర్ దగ్గర ఈ గుర్తుకి అర్థం సమానం అని కాదు. కుడివైపు ఉన్నది తీసుకెళ్లి ఎడమవైపు పెట్టెలో పెట్టు అని. ముందు అందులో ఏముందో అది పోతుంది."

"అడక్కుండానే?"

"ఆజ్ఞ కదా. అడగదు."

కూర్చున్నాను. కింద చెప్పుల షాపులో ఎవరో కుడికాలు బిగుతుగా ఉందని గొడవ పడుతున్నారు.

జూన్ 12, బుధవారం

మహత్తర ఆవిష్కారం! కంప్యూటర్‌కి గొంతు కూడా ఉంది. మనం రాసింది చదువుతుంది. తెలుగులో ఒకే ఒక్క గొంతు, అదీ ఆడగొంతు. రైలు ఆలస్యమని చెప్పడంలో ప్రత్యేక ఆనందం పొందే రకం. పాత ట్యాబ్‌లో ఎక్కించి ఇంట్లో వినిపించాను.

వంటగదిలోంచి అమ్మ వచ్చింది. "ఎవరే ఆవిడ?"

"నాన్నకి కొత్త గొంతు."

"ఆడగొంతా?"

"ఒకటే ఉందమ్మా."

అమ్మ చేతులు తుడుచుకుంటూ ఆలోచించింది. "సర్లే. ఈవిడైనా అడిగినదానికి సమాధానం చెప్తుందేమో చూద్దాం."

అప్పట్నుంచీ మా ఇంట్లో ఆ గొంతు పేరు ఆవిడ.

(పైన రాసినదాన్నిబట్టి ఇదంతా నాన్న కోసమని ఎవరైనా అపోహ పడొచ్చు. కాదు. ఉద్యోగానికి అనుభవం అడుగుతారు, అందుకని.)

జూన్ 15, శనివారం

ఈ రోజును చరిత్ర పుటల్లోంచి చింపేయాలని మనవి.

బ్రేకు అని ఒక్కసారి చెప్తే ఎవరూ వినరు, పదేపదే చెప్పాలి. దానికి లూప్ అని ఒకటుంది: ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయిస్తుంది. రాశాను. మీట నొక్కాను. ఆవిడ మొదలుపెట్టింది.

"దయచేసి బ్రేక్ వేయండి. దయచేసి బ్రేక్ వేయండి. దయచేసి..."

ఆపడం ఎలాగో రాయలేదు. తెర బిగుసుకుపోయింది. సరిగ్గా అప్పుడే బాబాయి కారు కొనే ఆయన్ని వెంటబెట్టుకుని వచ్చాడు. ఆయన బానెట్ ఎత్తి చూస్తున్నంతసేపూ కిటికీలోంచి ఆవిడ అలా ప్రాధేయపడుతూనే ఉంది.

ఆయన బానెట్ దించి, "బ్రేకులు పడట్లేదా ఏంటండీ ఈ బండికి?" అన్నాడు.

"అబ్బే, అది మా పిల్ల చదువు!" అన్నాడు బాబాయి. నావైపు చూసిన చూపుకి అక్కడికక్కడే బూడిదవ్వాల్సింది. ట్యాబ్‌ని దిండు కింద పెట్టాను, దిండులోంచి కూడా వేడుకుంది. చార్జింగ్ అయిపోయాకే శాంతించింది.

కొనే ఆయన మాత్రం వెనక్కి తగ్గలేదు. నెలాఖరు ఆదివారమే వస్తాడట.

జూన్ 17, సోమవారం

జరిగినదంతా చెప్పాను. బ్రాకెట్ మేడం కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"తిరుగుతున్న లూప్‌లోంచి బయటికి రావడానికి ఒక మాట ఉంది. ఏంటో తెలుసా?"

"ఏంటి మేడం?"

"బ్రేక్."

జూన్ 19, బుధవారం

ఇఫ్, ఎల్స్. అయితే, లేకపోతే. నాకు పుట్టుకతోనే వచ్చిన విద్య ఇది. "చదివితే బాగుపడతావు, లేకపోతే నీ ఖర్మ": ఇంటింటా నడుస్తున్న ప్రోగ్రామే.

నాన్న అందరినీ ఒకేలా పిలవడు. కాబట్టి ట్యాబ్‌లో మనుషులకి మీటలు పెట్టాను. ముందు మనిషి మీట నొక్కాలి, తర్వాత మాట మీట. ఎవరు అనే పెట్టెలో అమ్మ ఉంటే "ఏమోయ్". బాబాయి ఉంటే "ఒరేయ్". వీళ్లెవరూ కాకపోతే, అంటే ఎల్స్, "అండీ". ఇక్కడే ఒక గొయ్యి ఉందని మేడం హెచ్చరించారు. ఒంటి ఈక్వల్ పెడితే ఆజ్ఞ: ఎవరున్నా సరే, అమ్మని తెచ్చి పెట్టెలో కూర్చోబెడుతుంది. జంట ఈక్వల్ పెడితేనే ప్రశ్న: ఉన్నది అమ్మేనా?

"ఒక్క గుర్తు తక్కువైతే అడగాల్సిన చోట నిర్ణయించేస్తావు" అన్నారు.

సాయంత్రం నాన్న ఒళ్లో పెట్టాను ట్యాబ్. చూశాడు. ఒక మీట నొక్కాడు. "ఏమోయ్, మంచినీళ్లు" అంది ఆవిడ. లోపల్నుంచి అమ్మ అలవాటుగా "ఆ, తెస్తున్నా" అని, తర్వాత గ్లాసు పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయింది.

నాన్న ట్యాబ్‌ని మెల్లగా పక్కన పెట్టి పలక తీసుకున్నాడు. "సరే" అని రాశాడు.

ఏం సరే? ఎవరికి సరే? కోపం వచ్చింది. గొప్ప కోపం. ఇంత రాత మొత్తం చెరిపేద్దామనుకున్నాను. చెరపడం ఎలాగో మాకింకా చెప్పలేదు.

జూన్ 20, గురువారం

కారు అమ్మేస్తున్నాం అన్నయ్యా. సరే.

విశ్రాంతి తీసుకో. సరే.

ఈ మాత్ర వేసుకోండి, ఇటు తిరగండి, ఇదిగో నాన్నా నీ కొత్త గొంతు. సరే, సరే, సరే.

అన్నీ ఒంటి ఈక్వల్‌లే. నాతో సహా.

జూన్ 22, శనివారం

పొద్దున్నే నాన్న కారు తుడుస్తున్నాడు. అమ్మేసేదాన్ని అంత శ్రద్ధగా తుడవడం ఎక్కడా చూళ్లేదు. పక్కన కూర్చుని అడిగాను.

"నాన్నా, కారు అమ్మేద్దామా?"

గుడ్డ ఆగింది. నావైపు చూశాడు. జోకేమో అని చూసినట్టున్నాడు, పాపం అలవాటు.

"ఊరికే కాదు. నిజంగా అడుగుతున్నా."

పలక లోపల ఉంది. దుమ్ము పట్టిన వెనక అద్దం మీద వేలితో రాశాడు: "వద్దు."

కింద ఇంకో వరస రాశాడు: "డాక్టరమ్మకి రివర్స్ ఇంకా రాలేదు."

డాక్టరమ్మ అంటే పళ్ల డాక్టరమ్మ. ఆపరేషన్‌కి ముందు నాన్న దగ్గర నేర్చుకుంటూ మధ్యలో ఆగిపోయిన ఏకైక శిష్యురాలు. ఆవిడ రివర్స్ చేస్తే గోడలు భయపడతాయి. లైసెన్స్ పరీక్ష ఇరవై ఎనిమిదిన.

మధ్యాహ్నమంతా నాన్నా నేనూ మాటలు సరిచేశాం. ఆయన పద్ధతి ఒక్కటే: మీట నొక్కడం, వినడం, తల అడ్డంగా ఊపడం. "దయచేసి బ్రేక్ వేయండి" విన్నాక పలక మీద కారు బొమ్మ వేశాడు, గోడ బొమ్మ వేశాడు, రెండూ కలిసినచోట పెద్ద చుక్క పెట్టి, ఆ చుక్క దగ్గర "దయచేసి" అని రాశాడు. అంటే దయచేసి పూర్తయ్యేలోపు గోడ వస్తుందని.

"మరేమనాలి?"

రాశాడు: "బ్రేకండీ!"

ఆ ఆశ్చర్యార్థకంతో సహా టైప్ చేశాను.

జూన్ 23, ఆదివారం

ఊరి చివర ఖాళీ మైదానంలో ప్రయోగం. స్టీరింగ్ దగ్గర డాక్టరమ్మ. పక్కన నాన్న, ఒళ్లో ట్యాబ్. వెనక నేను, నా పక్కన బాబాయి. సాక్షిగా వచ్చానన్నాడు.

"క్లచ్చండీ. మెల్లగండీ. బ్రేకండీ!"

మొదటిసారి విని డాక్టరమ్మ ఉలిక్కిపడి వైపర్లు వేశారు. రెండోసారి హారన్ కొట్టారు. మూడోసారి నిజంగానే బ్రేక్ వేశారు. నాన్న వేళ్లు మీటల మీద వెతుక్కోవడం మానేశాయి.

"రోజంతా అందరినీ నోరు తెరవండి, నోరు తెరవండి అంటుంటాను మాస్టారూ" అన్నారు డాక్టరమ్మ, "మీరు తెరిచేదాకా ఎదురుచూశాను చూశారా."

బాబాయి గొంతు సవరించుకున్నాడు. "ఇక్కడ గడ్డి తప్ప ఏముంది అన్నయ్యా? గడ్డి మీద ఎవరైనా నేర్పుతారు."

నాన్న వెనక్కి తిరక్కుండా రెండు మీటలు నొక్కాడు. "ఒరేయ్, నోర్ముయ్యి" అంది ఆవిడ, రైలు సమాచారం చెప్పినంత మర్యాదగా.

ఆ మాట నేను పెట్టలేదు. తనే టైప్ చేసుకున్నట్టున్నాడు.

బాబాయి కిటికీలోంచి బయటికి చూశాడు. కళ్లు తుడుచుకున్నాడు, దుమ్మట. అప్పుడన్నాడు: "శుక్రవారం పరీక్షకి రోడ్డు మీంచే తీసుకెళ్లు. ఈవిడ పాసైతే నేనే ఫోన్ చేసి కొనే ఆయన్ని రావద్దంటాను."

జూన్ 25, మంగళవారం

పొద్దున నేను నాన్న మంచం పక్కన చొక్కాలు మడతపెడుతున్నాను. ఆయన నావైపు చూసి ట్యాబ్ అందుకున్నాడు. మనుషుల మీటలన్నీ ఒకసారి చూశాడు. మళ్లీ చూశాడు. తర్వాత మాట మీట ఒక్కటే నొక్కాడు.

"మంచినీళ్లు ఇవ్వండీ" అంది ఆవిడ.

ప్రోగ్రాంలో అమ్మ ఉంది. బాబాయి ఉన్నాడు. డాక్టరమ్మ ఎల్స్‌లో ఉన్నారు. నేనూ ఎల్స్‌లోనే ఉన్నాను. నా మీట నేనే పెట్టలేదు.

"తప్పకుండా తెస్తామండీ, కూర్చోండీ" అని వంగి వంగి దండం పెట్టాను. నాన్న నవ్వలేదు.

జూన్ 26, బుధవారం

ఎల్స్ గౌరవప్రదమైన చోటే. ఎవరూ కానివాళ్లందరికీ అక్కడ చోటుంది. అదీకాక, నేనెప్పుడూ పక్కనే ఉంటాను. నన్ను పిలవాల్సిన అవసరమేముంది?

ఒక్క వరస. రెండు నిమిషాల పని. క్లాసు పని ఎక్కువగా ఉంది, రేపు చూస్తాను.

జూన్ 27, గురువారం

క్లాసు పని ఎక్కువగా ఉంది.

నాన్న పొద్దున కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చుని, ప్రోగ్రాం తెరవమని సైగ చేశాడు. ఒక్కో వరస మీద వేలు పెట్టి, కనుబొమలెత్తి, ఇదేంటి అని. ఇది ఇఫ్, ఇది బ్రాకెట్, తెరిస్తే మూయాలి, ఇక్కడ పిలుపు. నేర్పేవాళ్ల సీట్లో మొదటిసారి కూర్చున్నాను కాబట్టి సంప్రదాయం పాటించాను. "అది నొక్కకండీ. మెల్లగండీ. బ్రాకెటండీ!"

భుజాలు కదిలాయి. చప్పుడు లేదు గానీ, నవ్వే.

తర్వాత నేను క్లాసుకి వెళ్లిపోయాను.

జూన్ 28, శుక్రవారం

ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

ఇంటి ముందు అందరం కారెక్కాం. పరీక్ష జరిగేచోటుకి డాక్టరమ్మే నడపాలి. సందు మలుపులో ఒక సైకిల్ అడ్డం వచ్చింది. నాన్న మీట నొక్కాడు.

"ఏరా, బ్రేక్!"

డాక్టరమ్మ బ్రేక్ అయితే వేశారు. నాన్న ట్యాబ్ వైపు చూశాడు. డాక్టరమ్మ నాన్న వైపు చూశారు. కంగారులో నాన్న ఇంకేదో నొక్కాడు. "ఏరా, మెల్లగా!"

"అన్నయ్యా, ఆవిడ డాక్టరు!" అన్నాడు బాబాయి వెనక నుంచి.

నాన్న బాబాయి మీట నొక్కి, ఊరుకోమన్నాడు. "ఏరా, నోర్ముయ్యి."

"నన్నూ ఏరాయేనా?"

నేను సీటు మధ్యలోంచి దూరి, "డాక్టరు గారూ, తప్పు ఆయనది కాదండీ, ప్రోగ్రాంలో ఏదో..." అంటున్నాను. డాక్టరమ్మ స్టీరింగ్ మీద తల ఆనించి నవ్వుతున్నారు. నవ్వీ నవ్వీ కళ్లనీళ్లు వచ్చాయావిడకి.

"నన్ను ఏరా అన్నవాళ్లు మా నాన్న తర్వాత ఎవరూ లేరు మాస్టారూ. ఇవాళ్టికి అలాగే కానివ్వండి. మార్చకండి."

దారంతా ఏరా. ఏరా క్లచ్, ఏరా అద్దం చూడు, ఏరా భయపడకు. సిగ్నల్ దగ్గర పక్క బండివాడు తొంగిచూశాడు. పరీక్షకి ముందు చివరిసారి రివర్స్ చేయించాడు నాన్న, రెండు లారీల మధ్యకి. డాక్టరమ్మ భుజాలు దించి, నెమ్మదిగా, జానెడు అటూ ఇటూ కాకుండా పెట్టారు. నాన్న కాలు బ్రేకు దగ్గరకే పోలేదు. నేను చూశాను.

తర్వాత ఇన్‌స్పెక్టర్ ఎక్కాడు, మేం దిగాం. గోడవార నిలబడ్డాం. బాబాయి తన గడ్డం పీక్కున్నాడు. తిరిగొచ్చిన కారు దిగుతూ డాక్టరమ్మ పాసైన కాగితం ఎత్తి చూపించారు.

బాబాయి అక్కడే ఫోన్ తీశాడు. "ఏవండీ, ఆ కారు... లేదండీ, అమ్మట్లేదు. బ్రేకులా? బ్రేకులు బ్రహ్మాండంగా ఉన్నాయి, అందుకే."

జూన్ 30, ఆదివారం

నిన్నంతా ప్రోగ్రాం తెరవలేదు. ఇవాళ తెరిచాను.

గురువారం నేను వెళ్లాక నాన్న రాసిన వరస అందరికంటే పైన ఉంది. మనుషుల మీటల్లో కొత్తగా ఒకటి, "కూతురు". ఒక్కో అక్షరమూ వెతుక్కుంటూ కొట్టి ఉంటాడు, మధ్యలో అనవసరమైన ఖాళీలు. తెరిచిన బ్రాకెట్ మూశాడు. కోట్స్ మూశాడు. ఎవరు అనే పెట్టె, పక్కన ఈక్వల్, పక్కన "కూతురు". అయితే: "ఏరా".

ఈక్వల్ ఒంటరిగా ఉంది. అందుకే శుక్రవారం ఆ పెట్టెలోకి ఎవరొచ్చినా నేనే అయ్యాను.

నాన్నని పిలిచి చూపించాను. "ఇది ఆజ్ఞ నాన్నా. ఇంకోటి కలిపితే ప్రశ్న. ఎవరున్నా కూతురే అనకుండా, కూతురేనా అని అడుగుతుంది."

వేలు ఎత్తాడు. మీటల మీద ఆ గుర్తు వెతికాడు. నేను చూపించలేదు, ఆయన శిష్యులకి చూపించనట్టే. దొరికింది. నొక్కాడు. జంట అయింది.

"ఇప్పుడు చూడు" అన్నాను.

నా మీట నొక్కాడు. తర్వాత మాటల మీటల్లో అట్టడుగుది నొక్కాడు. అది నేను పెట్టింది కాదు. ఆపరేషన్ గది తలుపు దగ్గర నాన్న నాతో ఏమన్నాడో నేనెవరికీ చెప్పలేదు, ఇక్కడ కూడా రాయలేదు. ఆయనకి గుర్తుండకపోవచ్చనుకున్నాను.

"ఏరా, వెనక టైరులో గాలి తక్కువగా ఉంది, చూడు" అంది ఆవిడ, అక్షరం పొల్లుపోకుండా అదే మాట.

వెళ్లి చూశాను. నిజంగానే తక్కువగా ఉంది. పంపు తీసుకొచ్చాను. నాన్న గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు, ట్యాబ్ చంకలో పెట్టుకుని. నేను కొడుతూనే ఉన్నాను, ఆయన చాలు అనేవరకు.